పొరుగూరి నాలుక

ఈ వారం ఒక పూటంతా కోపంతోనే గడిచింది. మా మేనల్లుడు ఫోన్లో ఒక వీడియో పంపాడు. ఎవరో కుర్రాడు, మాట వింటే శ్రీకాకుళం వైపు అనిపించింది, చెన్నై పోతూ హైవే దిగి మన నెల్లూళ్లో ఒక మెస్సులో చేపల పులుసు తిన్నాడు. "పులుసు బాగానే ఉంది గానీ ముక్కకి పట్టలేదండి" అన్నాడు. సందకాడ ఒక బండి దగ్గర నూడుల్స్ తిని, "ఇది అసలు చైనీసే కాదు" అని తేల్చేశాడు. రెండు తీర్పులూ పది నిమిషాల వీడియోలో అయిపోయాయి.

పులుసు గురించి మాట్లాడే హక్కు పెన్న నీళ్లు తాగి పెరిగినవాళ్లకే ఉందని రాద్దామని కూర్చున్నాను. బొమ్మిడాయిల్ని ఉప్పూ బూడిదా వేసి బండకి రుద్ది జిగురు వదలగొట్టడం చూడనివాడికి ఆ చేప గురించి ఏం తెలుస్తుంది? చెరువులు అడుగంటే ఎండాకాలంలో కొరమీను రుచి వేరు, వానలప్పుడు వేరు. మామిడికాయ ఏ చెట్టుదో తెలియకుండా చింతపండు ఎంత నానెయ్యాలో ఎవడు చెప్పగలడు? ఇదంతా ఒక పూట భోజనంతో వచ్చే తెలివి కాదు. సగం పేజీ ఇదే వేడితో రాసేశాను కూడా.

ఈ కాలమ్ ఎప్పట్నించో చదువుతున్నవాళ్లకి నా పట్టుదలలు తెలుసు. పులుసు మట్టి చట్టిలోనే కాగాలి. ముక్క వేశాక గరిటె పెట్టకూడదు, రెండు చేతుల్తో గుడ్డ పట్టి చట్టినే తిప్పాలి. రాత్రంతా పొయ్యి మీదే వదిలేసి మర్నాడు తినాలి. చట్టి గురించి రాస్తుండగా అసలు ఈ పట్టుదల నాకెక్కడ అంటుకుందో గుర్తొచ్చింది. అక్కడ కలం ఆగిపోయింది.

మైపాడు దారిలో, ఇందుకూరుపేట దాటాక మా మేనత్త ఇల్లు. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. సముద్రపు గాలి, ఇసక, గంపల్లో చేపలు తెచ్చే ఆడవాళ్ల కేకలు. అత్త పులుసు కాచిందంటే పిల్లలం వంటింటి గడప దగ్గరే కాపలా. మెంతులూ ఆవాలూ జీలకర్రా దోరగా వేయించి నూరిన పొడి ఆఖర్న చల్లి, సిబ్బి మూసి, నిప్పులు పక్కకి లాగేది. పొయ్యిలో నిప్పు ఆరినా చట్టిలో పులుసు చాలాసేపు గుడగుడమంటానే ఉండేది. పొద్దున్నే సిబ్బి తీస్తే పైన నువ్వుల నూనె ఎర్రగా తేలి, మామిడికాయ ముక్క అంచులు కరిగి ఉండేవి. చద్దన్నంలో పోసుకునేవాళ్లం.

ఆ ఇంటి ముందు గదిలో ఒక మాస్టారు అద్దెకుండేవారు. అనంతపురం మనిషి. సముద్రం మొదటిసారి ఇక్కడే చూశానని చెప్పేవారు. ఒక ఏడాది పండగ సెలవులకి ఊరెళ్లి మూణ్ణెల్ల దాకా రాలేదు, వాళ్ల నాన్నగారికి బాగోలేక. తిరిగొచ్చిన రోజు అత్త ఎప్పట్లానే గిన్నెలో పులుసు పెట్టి నాతో పంపింది. ఆయన రెండు ముద్దలు తిని గిన్నె పట్టుకుని లోపలికొచ్చారు. "ఏమీ అనుకోవద్దక్కా, ఈసారి ముక్క ముక్కలాగుంది, పులుసు పులుసులాగుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా అత్త చేతి వంటకి ఈయన వంకలు పెట్టేదేంది?

అత్త మాత్రం ఒక్క మాట అనలేదు. ముక్క తుంచి నోట్లో వేసుకుంది, ఇంకో ముక్క తుంచింది. అప్పుడు గోడవారగా బోర్లించిన సత్తు గిన్నె వైపు చూసింది. పాత చట్టి పగిలిపోయి రెండు నెలలయింది. కుమ్మరాయన దగ్గరికి వెళ్లే తీరిక లేక సత్తు గిన్నెలో కానిచ్చేస్తోంది. సత్తు గిన్నె మంట తీసెయ్యగానే చల్లబడిపోతుంది. చట్టి తన ఒంట్లో దాచుకున్న వేడిని నిదానంగా వదులుతుంది, ఆ వేడి మీదే పులుపూ ఉప్పూ ముక్క లోపలికి దిగుతాయి. ఆ రెండు నెలలూ ఇంట్లో ఏడుగురం ఆ పులుసే తిన్నాం. ఎవరికీ తేడా తెలియలేదు. తెలిసింది మూణ్ణెల్లు దూరంగా ఉండి వచ్చిన మనిషికి.

అత్త మర్నాడే కోవూరు సంతకెళ్లి చట్టి తెచ్చింది. "మీరు నా చేతి కూడు తిని పెరిగినోళ్లు, మీరు బాగుందంటే నాకేం తెలుస్తాది?" అంది మాతో. నేను ఇన్నేళ్లుగా ఈ పేజీలో చట్టి గురించి రాసిందంతా ఆ అనంతపురం మాస్టారు పెట్టిన భిక్ష.

అసలు తిండికి తీర్పులిచ్చే పుస్తకాల్లో బాగా పేరున్న ఒకటి దారిన పోయేవాడి కోసమే మొదలైంది. 1900లో ఫ్రాన్సులో టైర్ల కంపెనీ మిషెలిన్ తన మొదటి గైడు పుస్తకం వేసింది కార్లలో ఊళ్లు తిరిగేవాళ్ల కోసం. ఊళ్లోవాడికి ఆ పుస్తకంతో పనేముంది? ఇంగ్లండు మనిషి ఫ్యూషా డన్‌లప్ 1990లలో చైనాలోని చెంగ్డూ వెళ్లి, అక్కడి వంట బడిలో స్థానిక కుర్రాళ్ల పక్కన నిలబడి కత్తి పట్టడం నేర్చుకుంది. 2001లో సిచువాన్ వంటల మీద పుస్తకం రాసింది. ఆమె పుస్తకాలు ఇప్పుడు చైనా భాషలోకి వెళ్లి చైనావాళ్లే చదువుతున్నారు. బయటినుంచి వచ్చింది కాబట్టే, అక్కడివాళ్లకి అలవాటైపోయి కనపడకుండా పోయినవి ఆమె కంటబడ్డాయి.

బుధవారం ఆ వీడియోలోని మెస్సుకి వెళ్లాను. నాకు కొత్త చోటు కాదు, ఏళ్లుగా తింటున్నదే. ఈసారి అత్తలాగా ముక్క విడిగా తుంచి తిన్నాను. బొచ్చె ముక్క, పొద్దున కాచిన పులుసు. లోపల తెల్లగా, చప్పగా ఉంది. కుర్రాడు అన్నది అక్షరాలా నిజం.

నూడుల్స్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను. చైనాతో మన తీరానికి పరిచయం నిన్నటిది కాదు. మన కొత్తపట్నం తవ్వకాల్లో 13, 14 శతాబ్దాల నాటి చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. ఆనాడు పింగాణీ ఓడల్లో వచ్చింది. బండి మీది చైనీస్ మాత్రం చాలా కాలానికి కలకత్తా, బొంబాయిల మీదుగా వచ్చింది. చికెన్ మంచూరియన్ పుట్టిందే మన దేశంలో. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో చేశాడని పేరు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలా వెయ్యాల్సిన చోట సోయా సాసు పోశాడు. మంచూరియాలో ఆ కూర లేదు. లేని ఊరితో పోల్చి మన బండిని తక్కువ చెయ్యడం న్యాయం కాదు.

మా వీధి చివర బండి దగ్గర నిలబడి చూడండి. గ్యాసు మంట హోరుమంటుంది, నల్లటి ఇనప మూకుడులో క్యాబేజీ పడగానే చిటపట, గరిటె రెండుసార్లు మూకుడుకి కొడతాడు, నూడుల్స్ గాల్లోకి లేచి పడతాయి. పచ్చిమిర్చి ఘాటుకి పక్కనున్నవాళ్లు దగ్గుతారు. ట్యూషన్ వదిలిన పిల్లలు ప్లేటు అందుకుని మొదటి ముద్దకే "అన్నా, ఈరోజు మూకుడు సరిగ్గా కాగలేదు" అంటారు. ఆ వంట పుట్టినిల్లు ఇలాంటి వీధులే, దాని మంచిచెడ్డలు చెప్పాల్సింది ఆ పిల్లలే. చైనానుంచి ఎంత గొప్ప వంటవాడొచ్చినా అక్కడ కొత్తవాడే.

గురువారం మళ్లీ మెస్సుకెళ్లాను, జనం పల్చబడ్డాక. ఏళ్ల పరిచయం వల్ల ఓనరు నా ఆకులో ఎప్పుడూ ఒక ముక్క ఎక్కువే వేస్తాడు. అది తిని లేచి వచ్చేయడమే తప్ప నేనెన్నడూ ఒక మాట చెప్పింది లేదు. ఈసారి గల్లా పెట్టె దగ్గర నిలబడి చెప్పేశాను: ముక్కకి పులుసు పట్టడం లేదు, రాత్రే కాచిపెట్టు, కనీసం రెండు చట్టీలన్నా మట్టివి పెట్టు.

ఆయన చిల్లర లెక్కపెట్టడం ఆపి నా మొహంలోకి చూశాడు.

"ఇన్నేళ్లుగా తింటా ఉండావు కదన్నా, నువ్వెందుకు చెప్పలేదు?"