కాశీయాత్ర చరిత్ర: భూగోళశాస్త్ర దృష్టి

భూగోళశాస్త్రమనగా ఊళ్ళ పేర్లను, నదుల పొడవులను, పర్వతముల ఎత్తులను వల్లించుటయే యను అభిప్రాయము బడిచదువుల మూలమున జనులలో నాటుకొనిపోయినది. కాని ఆ శాస్త్రము వేయు ప్రశ్నలు వేఱు. ఒక వస్తువు ఎచ్చట నున్నది? అచ్చటనే యేల యున్నది? చుట్టునున్న వానితో దానికి గల సంబంధ మెట్టిది? ఇవి దాని మూలప్రశ్నలు. ఉనికి, తావు, దూరము, మండలము, ఎల్ల, పటపు స్కేలనబడు ప్రమాణము అనునవి దాని మూలభావములు. ప్రత్యక్ష పరిశీలనము, విచారణ, కొలత, పోలిక, పటరచన అనునవి దాని పద్ధతులు. ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'ను ఈ భావములతో, ఈ పద్ధతులతో పరీక్షించి, అందలి గుణదోషములను నిర్ణయించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన తెలుగువారు. 1830 మే 18వ తేదీన పల్లకీలతో, డేరాలతో, ఇంచుమించు నూఱుమంది పరివారముతో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశికి చేరి, గయ, పాట్నా, కలకత్తా, పూరీ, గంజాము మార్గమున 1831 సెప్టెంబరు 3వ తేదీన మరలివచ్చిరి. ఆయన వ్రాసియుంచిన దినచర్యను, 1836లో ఆయన మరణించిన పిమ్మట, మిత్రులగు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ళగారు 1838లో అచ్చువేయించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల ప్రకటించిరి. తొలి యాత్రాగ్రంథములలో నొకటిగను, వ్యవహారభాషకు సాక్ష్యముగను ఈ పుస్తకము ప్రసిద్ధి కెక్కినది. దాని భూగోళవిలువ కూడ అంతకు తక్కువది కాదు.

ఆ విలువకు ప్రధానకారణము రచయిత పాటించిన క్రమము. ప్రతి మజిలీయందును ఆయన దృష్టి ఇంచుమించు అవే విషయములపై నిలుచును. దారి యిసుకపఱ్ఱయా, రాతినేలయా, రేగడయా, వాగులు దాటదగినవా, మంచినీరు గలదా, అంగళ్ళలో నేమి దొరకును, బసకు సత్రమున్నదా, నాణెములు, తూనికలు, కొలతలు ఎట్లు మారుచున్నవి, జనులెవరు, వారి భాష యెట్టిది, ఇవి ఆయన గమనించు విషయములు. ఒకే ప్రశ్నను పలుచోట్ల వేయుటవలన పోలికకు వీలు కలుగును; పోలికవలన ఒక మండలమునకును మఱియొక మండలమునకును గల భేదము తేలును. నేటి విద్యార్థులు క్షేత్రపరిశీలనమునకు చేతబట్టుకొనిపోవు ప్రశ్నావళియొక్క సారమిదియే. వృత్తిచే దుబాసీ యగుటవలన మాటల తేడాలను పట్టు చెవి ఆయనకు సహజముగ నబ్బినది. దారిలో విన్న మాటలను హిందూస్థానీ యనియు ఇంగ్లీషనియు త్రోసివేయక తన తెలుగులో చేర్చుకొనుట కూడ ఆ పరిశీలనములో భాగమే.

ఇక లోపములు. మొదటిది కొలతకు సంబంధించినది. ఆమడయు, కోసును దేశమునుబట్టి మారునట్టివి. నడకయు, గడియలును దారినిబట్టి, కాలమునుబట్టి మారునట్టివి. అందుచే ఆయన దినచర్యనుండి మజిలీల వరుస స్పష్టముగ తెలియునుగాని, అంతమాత్రమున పటము గీయుటకు వీలు లేదు. ఈ లోపమును గ్రహించుటకు, అదే పట్టణమునుండి కొలదికాలమునకు పూర్వము బయలుదేరిన మఱియొక యాత్రతో దీనిని పోల్చి చూడవలెను.

1802లో విలియం లాంబ్టన్ చెన్నపట్టణపు పరంగికొండవద్ద సుమారు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను గొలుసుతో కొలిపించెను. ఒక రేఖయొక్క పొడవును, దాని రెండు కొసలనుండి దూరపు గుఱుతునకు గల కోణములను తెలిసికొన్నచో, తక్కిన రెండు భుజములను లెక్కచేసి తెలిసికొనవచ్చును. ఆ భుజములే తరువాతి త్రిభుజములకు ఆధారరేఖలగును. త్రిభుజీకరణ మనబడు ఈ పద్ధతితో, అరటన్ను బరువుగల థియోడలైటు యంత్రమును కొండలపైకి, గోపురములపైకి ఎక్కించి, ఆయన బృందము దక్షిణదేశమును కొలుచుకొనుచు పోయెను. చెన్నపట్టణమునుండి మంగళూరువరకు గల దూరము పూర్వపటములలో చూపినదానికన్న సుమారు 40 మైళ్ళు తక్కువని ఆ సర్వే తేల్చెను. లాంబ్టన్ 1823లో నాగపూరునకు దక్షిణముననున్న హింగన్‌ఘాటులో మరణించెను. ఏడేండ్లకు వీరాస్వామయ్యగారు నాగపూరు చేరినది ఆ దేశము మీదుగానే.

ఈ రెండు యాత్రలు రెండు విధములగు జ్ఞానమును సంపాదించినవి. సర్వేయరునకు గ్రామమొక బిందువు. దాని అక్షాంశ రేఖాంశములు ఆయనకు తెలియును. యాత్రికునకు గ్రామమొక తావు. అచ్చటి నూతినీరు ఉప్పనిదో తియ్యనిదో ఆయనకు తెలియును. ఉనికియు తావును భూగోళశాస్త్రమునకు రెండు కన్నులు. ఒకదానితో చూచినవారు రెండవదాని లోపమును ఎఱుగవలెను.

వీరాస్వామయ్యగారి రెండవ లోపము, ఆయన జ్ఞానము గీతవంటిదగుట. దారికి రెండామడల యెడముననున్న ఊరు ఆయన గ్రంథమునకు లేనట్లే. ఏ తావునైనను ఆయన చూచినది ఒక్క ఋతువులోనే. పెద్ద పరివారమునకు వలయు బియ్యము, కట్టెలు, బోయీలను చూచు కన్ను, వానిని పండించు, మోయువారి బ్రతుకును అంతగా చూడలేదు. స్థలమాహాత్మ్యమును, కంటబడిన విషయమును ఒక్క వరుసలోనే చెప్పుటవలన కారణనిరూపణము పలుచోట్ల సడలినది.

ఇట్టి లోపములున్నను, ఒక్క విషయములో ఈ గ్రంథము పటముకన్న సత్యమునకు సమీపముగ నున్నది. అది ఎల్లనుగూర్చినది. పటముపై ఎల్ల యనునది సన్నని గీత. పల్లకితో మజిలీ వెంట మజిలీగా సాగువానికి అట్టి గీత యెచ్చటను తగులదు. పూరీనుండి గంజాము మీదుగా దక్షిణమునకు వచ్చు దారిలో ఓఢ్రభాష ఒక యూరిలో ముగిసి తెలుగు మఱుసటి యూరిలో మొదలగునది కాదు. నడుమ రెండు భాషలు కలిసి బ్రతుకు పట్టీ యొకటి కలదు. భూగోళశాస్త్రము దీనిని సంధిమండలమని గుర్తించును. పరిపాలనకు గీత తప్పదు. కాని ఆ గీతయే దేశస్వరూపమని తలచుట పొరపాటు.

నేటి తెలుగువారికి ఈ భేదము పుస్తకములలోని సూక్ష్మము మాత్రమే కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు బరంపురపు తెలుగువారు ఇల్లు కదలలేదు, గీత కదలినది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రములో చేరినప్పుడును, 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో చేరినప్పుడును జరిగినదిదియే. యానాము మఱియొక విధము. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినను, కాకినాడకు 30 కిలోమీటర్ల చేరువలో గౌతమీతీరమున నుండియు, అది వందల మైళ్ళ దూరముననున్న పుదుచ్చేరికి చెందినది. భూమిపై దగ్గఱయైనది పాలనలో దూరమైనది. షోలాపురపు పద్మశాలీలు నేతపనిని వెదకికొనుచు పోయి స్థిరపడినవారు. తమిళదేశపు లోపలి గ్రామములలోని తెలుగు కుటుంబములు పెక్కు విజయనగర, నాయకరాజుల కాలమున కదలినవి. గీత దాటినవారిని, గీతయే తమను దాటినవారిని 'ప్రవాసాంధ్రు'లను ఒక్క మాటతో పిలుచుటవలన, రెండు వేర్వేఱు చరిత్రలు ఒక్కటిగా కలిసిపోవుచున్నవి. స్వగ్రామమునందే యున్నవానిని ప్రవాసి యనుట భాషాదోషము మాత్రమే కాక భూగోళదోషము కూడ.

లెక్కలయందును ఇట్టి పొరపాటే కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. తమిళనాడునందును, కర్ణాటకమునందును వారు నూటికి సుమారు ఆర్గురు. రాష్ట్రమంతటికి తీసిన ఈ సగటు హోసూరు వంటి సరిహద్దు పట్టణమును, తెలుగు వినబడని పల్లెను ఒక్కటిగా చూపును. స్కేలు మారినచో చిత్రము మారును. రాష్ట్రప్రమాణమున అల్పసంఖ్యాకులైనవారు గ్రామప్రమాణమున అధికసంఖ్యాకులు కావచ్చును. బడి, గ్రంథాలయము కావలెనని కోరునప్పుడు చూపవలసినది గ్రామప్రమాణపు లెక్క.

నేడు ఉపగ్రహముల సాయమున ఏ గ్రామపు ఉనికినైనను చేతిలోని ఫోనే క్షణములో తెలుపును. లాంబ్టన్ బృందము ఏండ్ల తరబడి పడిన శ్రమ యిప్పుడు సులభమైనది. సులభము కానిది వీరాస్వామయ్యగారు చేసిన పని: ఊరూరను నిలిచి, అవే ప్రశ్నలను ఓపికతో అడిగి వ్రాసికొనుట. ఈ కుటుంబములు ఎప్పుడు వచ్చినవి, ఎచ్చటినుండి, ఏ దారిని, ఏ పనికొఱకు. లేక ఎచ్చటికిని కదలక గీతమార్పుచే వెలుపలివారైరా. ఇంటిలో ఏ భాష, బడిలో ఏ భాష, సంతలో ఏ భాష. ఈ ప్రశ్నలకు సమాధానములు వృద్ధుల జ్ఞాపకములలో నున్నవి. వానిని గ్రామముల వారీగా సేకరించి పటముపై గుర్తించినచో, దినచర్యలోని లోపమును పటమును, పటములోని లోపమును దినచర్యయు పూరించును.

కాశీయాత్ర చరిత్ర శాస్త్రగ్రంథము కాదు. కొలతలో అది బలహీనమైనది, దృష్టిలో దారికి కట్టుబడినది. అయినను, తావును చూచిన పిమ్మటనే దానినిగూర్చి చెప్పవలెనను నియమమును అది తుదివరకు పాటించినది. భూగోళశాస్త్రమునకు మొదటి నియమ మదియే.