అచ్చు గ్రంథానికి కాలం చెల్లిందా?

డిజిటల్ గ్రంథాలు వచ్చాయి గనుక మదరసాలు ఇక పుస్తకాలు కొననవసరం లేదని కొందరు మిత్రులంటున్నారు. ఈ మాటను పరీక్షించవలసి ఉంది.

1888లో హైదరాబాదులో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్, చేతిరాత ప్రతులను సరిపోల్చి, ఇమామ్ బైహఖీ 'అస్సుననుల్ కుబ్రా'ను 10 సంపుటాలలో అచ్చు వేసింది. నేడు 'మక్తబతుష్షామిలా'లో వేలాది అరబీ గ్రంథాలు ఉచితంగా లభిస్తున్నాయి. మారుమూల విద్యార్థికి ఇది గొప్ప మేలు, కాదనరాదు. అయితే వాటిలో అనేక గ్రంథాలకు ఇచ్చిన సంపుటం, పుట సంఖ్యలు అచ్చు ప్రతివే. తెర కూడా అచ్చునే సాక్షిగా పిలుస్తోందన్నమాట.

అనువాదకునిగా నా పొరపాటు ఒకటి చెబుతాను. ఒక ఫిఖహ్ గ్రంథంలో ఒక పదాన్ని వెదికి, తెరపై కనబడిన వాక్యాన్ని గ్రంథకర్త అభిప్రాయంగా అనువదించాను. తరువాత అచ్చు ప్రతిని నాలుగు పుటల ముందు నుంచి చదివితే, అది ఆయన ఖండించడానికి ఉటంకించిన ప్రత్యర్థి వాదమని తేలింది! ఆ పుటలు తెరపైనా ఉన్నాయి. వెదికేవాడు వాటిని తిరగవేయడు, అంతే. ఒక ఇమామ్‌కు ఆయన అనని మాటను అంటగట్టడం అమానత్‌కు ద్రోహం.

వెదకడానికి తెర ఉండనివ్వండి. ఉటంకించే ముందు గ్రంథం తెరవండి. అందుకోసమైనా మదరసా అలమారాలను ఖాళీ చేయవద్దని మనవి.