వేలయు వేళయు

పౌర్ణమినాటి సాయంకాలమున తిరుచెందూరు మురుగన్ కోవెల యెదుటి యిసుకలో నిలిచి చూచువారికి, విరుదునగరము, సాత్తూరు, కోవిల్పట్టి వైపులనుండి కార్లలోను, వ్యానులలోను, కొందఱు పచ్చని వస్త్రములు ధరించి కాలినడకను వచ్చిచేరిన వేలకొలది జనులు చాపలు పఱచుకొని, అన్నపు మూటలు విప్పుకొని, పసిపిల్లలపై చీరచెఱగులు కప్పి, ఆ రాత్రి సముద్రము చెంతనే నిద్రించుటకు చోటు వెదకుకొనుచుండుట కనబడును. ఇటీవలి సంవత్సరములలో ఈ యాచారము మిక్కిలి ప్రబలినది. ఆ సందోహమున నేనును పలుమాఱు ఒకడనై యుంటిని. వెళ్లిన ప్రతిపర్యాయమును నా చూపు చంద్రునిపైకి పోవుటకు ముందు నేలమీదికి పోవును: ఈ తల్లి పఱచిన చాపకును నీటికిని నడుమ ఎన్ని యడుగుల దూరమున్నది? ఏలయన, సముద్రము మిక్కిలి ముందునకు వచ్చు రాత్రులలో పౌర్ణమి యొకటి.

నేను పుట్టినది ఎట్టయాపురమునకు కొంచెము ఉత్తరముగా నున్న నల్లరేగడి పల్లెలో. మా యింటిమాట తెలుగు, బడిమాట తమిళము. మావంటి కుటుంబములు శతాబ్దముల క్రిందట ఉత్తరమునుండి తరలివచ్చి, తమిళులు 'కరిసల్' అని పిలుచు ఆ నల్లనేలలో ప్రత్తియు, సజ్జయు, మిరపయు పండించుకొని నిలిచిపోయినవి. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసనే 1976లో 'గోపల్ల గ్రామం' అను తమిళనవలగా వెలయించెను. వానకై ఆకాశమును చూచుచు బ్రతుకు మాకు నీరనగా చెఱువు, కట్టయనగా చెఱువుకట్ట. సముద్రము అంత దూరమున లేకపోయినను, దానిని మేము ఏటికొక్కమాఱు మాత్రమే, మ్రొక్కు తీర్చుకొనుటకు బండి కట్టుకొని పోయి, చూచివచ్చెడివారము.

ఆ బండిప్రయాణము నా బాల్యమునకెల్ల పెద్దపండుగ. మా తాతగారు రెండు బండ్లకు గూళ్లు కట్టించి, లోపల జొన్నచొప్ప పఱపించి, దానిపై జంబుఖానా వేయించెడివారు. అవ్వ పులిహోరను తాటాకుబుట్టలో దారికి సరిపోవునట్లు కట్టెడిది. మూడు రాత్రులకు ఒట్టపిడారము, తూత్తుకుడి, ఆత్తూరు అను మూడు మజిలీలు. మొదటి మజిలీలో, ఆ ప్రక్కనే యున్న పాంచాలంకురిచ్చి కట్టబొమ్మని కథ అవ్వ తప్పక చెప్పెడిది: తెలుగింటి పాలెగాడైన ఆ వీరుడు తిరుచెందూరులో స్వామికి పూజ యైనదని తెలిసినగాని ముద్ద ముట్టడట, అందుకై సముద్రతీరమునుండి తన కోటవఱకు దారిపొడవున మండపములు కట్టించి, ఒక మండపపు గంట వినబడగనే తరువాతి మండపమున గంట మ్రోగించునట్లు ఏర్పాటు చేసెనట. 1799లో కయత్తాఱున ఉరిదీయబడిన ఆ పాలెగాని గంటలు మాకు వినబడకున్నను, మా యెద్దుల మెడగంటలు ఆ దారినే సాగుచుండెను. దారిపొడవున నేల రంగులు మార్చుకొనుచుండెను: నల్లరేగడి వెనుకబడి తూత్తుకుడి ఉప్పుమళ్ల తెల్లదనము వచ్చును, ఆత్తూరు చెంత తామ్రపర్ణి నీటితో పెరిగిన అరటితోటల పచ్చదనము వచ్చును, పిదప ఎఱ్ఱయిసుకలో తాటిచెట్లు, వాని మొదళ్ల నడుమ ఉన్నట్టుండి సముద్రము.

తీరము చేరగనే పిల్లలము నీటివైపు పరుగెత్తబోగా తాతగారు మమ్ము వారించి, మొదట బసకు చోటు చూచెడివారు. ఎండిన నాచు, గుల్లలు, కఱ్ఱముక్కలు, త్రాళ్ల తునుకలు ఒక వంకరగీతగా పడియున్న చోటు వెదకి, అట్టి గీతలు రెండుమూడున్నచో అన్నింటికంటె పైదానిని ఎన్నుకొని, అచ్చట ములుకోల నాటి, నేలవైపు ఇరువదియడుగులు లెక్కించుకొని నడిచి, 'ఈడ దింపండి' అనెడివారు. ఒకమాఱు నేను కారణమడిగితిని. 'అది సముద్రానికి కట్టరా నాయనా. నీళ్లు యాడిదాకా వచ్చిందో ఆడ గుర్తు పెట్టి పోతుంది. ఒకరి వాకిట్లో అడక్కుండా మనం పండుకోకూడదు' అని చెప్పిరి. బస కుదిరినపిదప అవ్వ బిందె తీసికొని నాళిక్కిణఱునకు పోయెడిది. అలలు వినబడునంత చేరువలో, మెట్లుదిగి చేరవలసిన గుంతలో, చిన్నపెట్టెవంటి ఆ బావిలో తియ్యని నీరూరుచుండుట ఇప్పటికిని నాకు ఆశ్చర్యమే.

ముప్పది యేండ్లు దాటినపిదప, తెలుగులిపి నెఱిగిన ఒక పెద్దయొద్ద అక్షరములు దిద్దుకొని, నిఘంటువు త్రిప్పుచుండగా, 'చెలియలికట్ట' అను పదము కంటబడినది: సముద్రపు గట్టు, సముద్రము దాటని యెల్ల. చెఱువుకట్టను చూచి మా తాతగారు తాముగా కల్పించుకొన్నదని నేననుకొన్న మాట, మా పూర్వులు ఉత్తరదేశమున విడిచివచ్చిన భాషలో ఎప్పటినుండియో యున్నది. దానికి సమానమైన సంస్కృతపదము 'వేల'. తీరము, అవధి, పోటు, కాలము, ఇన్ని యర్థములను ఆ యొక్క పదము మోయుచున్నది. మనము దినమునకు పదిమాఱులు పలుకు 'వేళ' దాని రూపాంతరమే. ఎచ్చట అనునదియు ఎప్పుడు అనునదియు మఱెచ్చటనైనను రెండు ప్రశ్నలు కావచ్చును. సముద్రతీరమున అవి ఒక్కటే, ఏలయన ఉదయమున నేలయైన చోటు సాయంకాలమునకు నీరగును. తీరమున బసచేయు విద్య యంతయు ఈ పదమున ఇమిడియున్నదని నాకు తోచుచున్నది.

ఆటుపోట్ల లెక్క కష్టమైనది కాదు. మన్నారు సింధుశాఖలో దినమునకు రెండు పోట్లు, రెండు ఆటులు; ఒక పోటునకును తరువాతి పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు. అందుచే నేటి పోటు వేళకు రేపు ఇంచుమించు 50 నిమిషములు కలుపుకొనవలెను. అమావాస్యా పౌర్ణములందు సూర్యచంద్రుల యాకర్షణము ఒక్క వరుసలో కూడుటచే పోటు హెచ్చును, ఆటు లోతగును. ఆ ప్రభావము తిథి గడచిన ఒకటిరెండు దినములవఱకును నిలుచును. అష్టమి ప్రాంతమున రెండును మందగించును. ఒకే రేవున పౌర్ణమినాటి పోటు ప్రతినెలయు ఇంచుమించు ఒకే వేళకు వచ్చును. ఈ సింధుశాఖలో పోటుకును ఆటుకును నీటిమట్టపు భేదము సుమారు ఒక మీటరును మించదు. గుజరాతులోని ఖంభాతు సింధుశాఖలో అది పదిమీటర్లకు చేరును. ఒక్క మీటరే కదా యని ఉపేక్షింపరాదు: నలుబదడుగులకు ఒక్కయడుగు మాత్రమే లేచు చదునైన తీరమున, మీటరెత్తు పెరిగిన నీరు నలుబది మీటర్లు నడచివచ్చును. ఆ నీరే తిరుగుదలలో అంత దూరమును వెనుకకు పోయి, తిరుచెందూరున నాచుపట్టిన బండరాళ్లను బయటపెట్టును. ఆ తిథుల ప్రాంతమున 'సముద్రము వెనుకకు పోయినది' అను వార్త పత్రికలలో మాటిమాటికి వచ్చుటకు కారణమిదియే. 2004 డిసెంబరు 26 నాటి సునామీని మఱువలేని జనులు ఆ దృశ్యమునకు వెఱచుట సహజము. పంచాంగము తెఱచి తిథి చూచుకొన్నచో ఆ భయము చాలవఱకు తీరును.

నేనీ పాఠమును మఱచిన రాత్రి యొకటి కలదు. బండ్లకాలము ముగిసి కారు వచ్చినపిదప, విరుదునగరములో నూనెపరోటా తిని, సాత్తూరులో కారసేవును, కోవిల్పట్టిలో 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుసెనగ మిఠాయిని కొనుకొని, దినముల దారిని ఒక్క మధ్యాహ్నములో దాటివచ్చుట మాకు అలవాటైనది. వేగమువలన మజిలీలు పోయినవి. మజిలీలతోపాటు నేలను గమనించు ఓపికయు పోయినది. ఒక అమావాస్యకు మఱునాడు వేంబారు చెంతకు చీకటిపడినపిదప చేరి, చదునుగా నున్నదను సంతోషముతో, ఆటునీరు విడిచిపోయిన యిసుకపైననే గుడారము వేసితిమి. అర్ధరాత్రి దాటినపిదప నా భార్య చేయి చల్లని నీటిలో పడి ఆమె మేల్కొన్నది. బియ్యము తడిసినది, దీపమాఱినది, నిద్రలోనున్న పిల్లలను భుజములపై నెత్తుకొని మోకాలిలోతు నీటిలో గట్టుకు నడిచితిమి. ప్రాణాపాయము కలుగలేదు గాని, తాతగారి ములుకోల ఆ రాత్రియంతయు నా కన్నులయెదుట నిలిచియుండెను.

అప్పటినుండి మా యింట కొన్ని నియమములు స్థిరపడినవి. వెలుతురుండగనే తీరము చేరవలెను. నల్లరేగడిలో ఒక్క మేకు కొట్టిన చాలును గాని యిసుకలో మేకులు నిలువవు. కనుక గోనెసంచిలో ఇసుక నింపి, దానికి త్రాడుకట్టి, మోకాలిలోతు గోతిలో పూడ్చవలెను. గాలి ఎంత లాగినను పైనున్న ఇసుక బరువే దానిని పట్టియుంచును. గుడారపు ద్వారము గాలికి ఎదురుగా నుండరాదు. ఇచ్చటి పడవవారు ఉత్తరపుగాలిని 'వాడై' యనియు, తూర్పుగాలిని 'కొండల్' అనియు పేరుపెట్టి పిలుతురు, రాత్రి ఏది వీచునో వారినొక్కమాట అడిగి తెలిసికొనవలెను. ఈశాన్యపు వానలు వెనుదీసిన తై, మాసి యను తమిళనెలలు ఇందుకు అనువైనవి. ఆ నెలలలోనే సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు తీరమెక్కును. వెలుతురును చూచి పిల్ల తాబేళ్లు దారితప్పును గావున దీపము చిన్నదిగ, నేలకు వంచి యుంచవలెను.

వేలకు తిథుల కొలత యున్నట్లే శతాబ్దముల కొలతయు కలదు. పాండ్యుల ముత్యపురేవైన కొర్కై ఒకప్పుడు తామ్రపర్ణి సముద్రమున కలియు చోట నుండెడిది. నది తెచ్చిన ఒండ్రుచే తీరము తొలగిపోగా, నేడది కొన్ని కిలోమీటర్ల లోపల పొలముల నడుమ నున్నది. తూత్తుకుడినుండి రామేశ్వరమువైపు వరుసగా నున్న 21 దీవులలో రెండు, తమ చుట్టునున్న పగడపుదిబ్బలను మనుష్యులు త్రవ్వుకొనిపోవుటచే రక్షణ కోల్పోయి నీట మునిగినవి. 1986లో సముద్ర జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ దీవులపై మనము అనుమతిలేక అడుగుపెట్టరాదు. 1964 డిసెంబరులో తుపాను తుడిచిపెట్టిన ధనుష్కోటికి నేడు చక్కని రోడ్డున్నను, చీకటిపడినపిదప సందర్శకులను అచ్చట నిలువనీయరు. బసచేయరాని చోటునుండి వేళకు మరలివచ్చుటయు ఈ విద్యలోని భాగమే.

మన భాషలో మజిలీ యను మాటకు గౌరవస్థానమున్నది. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశికి బయలుదేరి, పదునైదు మాసములకుపైగా యాత్రలో గడపి, ఏ యూర దిగవలెను, నీరెట్టిది, నీడ కలదా, వస్తువులు దొరకునా యని మజిలీ మజిలీకి వ్రాసియుంచిరి. కాశికి పోయినవారు ఎందఱో యున్నను ఆయన యాత్ర మనకు మిగిలినది, నిలిచిన ప్రతి చోటును ఆయన కన్నువిప్పి చూచుటచేతనే. మా పూర్వుల వలసలోను అట్టి చూపే యుండెనని నేను నమ్ముదును. వారు నల్లనేలను చేతబట్టి చూచి, వాన వేళ నెఱిగి, చెఱువునకు కట్ట వేసికొని, ఆ మజిలీనే ఊరుగా చేసికొనిరి.

పోయిన పౌర్ణమికి మనుమరాలితో తిరుచెందూరు వెళ్లితిని. ములుకోల యిప్పుడు లేదు. గొడుగుకఱ్ఱ చేతికిచ్చి, అన్నింటికంటె పైగీతను వెదకి నాటుమంటిని. నాటి, తన చిన్నయడుగులు ఇరువది లెక్కించి నిలువగా, మఱి పది వేయించితిని. గీతకు క్రిందుగా చాపలు పఱచుకొన్న ఒక కుటుంబమును చూచి ఆమె తానే పోయి, అది సముద్రపు కట్ట యనియు, కొంచెము పైకి రావలసినదనియు తమిళమున చెప్పినది. ఆ యింటి పెద్దామె నవ్వి, చాపలు చుట్టుకొని వచ్చి మా ప్రక్కన పఱచుకొన్నది. మేము వారికి కోవిల్పట్టి మిఠాయి నిచ్చితిమి, వారు మాకు అరటిపండ్లనిచ్చిరి. తెల్లవాఱి చూడగా, గొడుగుకఱ్ఱకు నాలుగడుగుల క్రిందుగా, వారు మొదట చాపలు పఱచుకొన్న చోటునకు పైగా, తడినాచుతో క్రొత్తగీత యొకటి సాగియున్నది. మనుమరాలు కఱ్ఱ పెఱికి, ఆ గుంత పూడ్చి, మేము పరున్న చోట మిఠాయి కాగితము ఒక్కటియు మిగులకుండ ఏరి సంచిలో వేసికొన్నది. సముద్రము తన గుర్తును తన కట్టమీద పెట్టి పోయినది. ఆ కట్టకు పైన మేమున్న గుర్తు లేకుండ చేసి మేము బండి యెక్కితిమి.