మోకాలెత్తు కోతబల్ల

కృష్ణా డెల్టాలోని మొవ్వ చుట్టుపక్కల వడ్రంగి పనిలో ఉలికీ బాడిసెకూ దక్కిన మెప్పు కోతబల్లకు దక్కలేదు. చేతిరంపం తిన్నగా నడవడం సగం ఆ బల్లమీదే ఆధారపడుతుంది. ఎత్తు మోకాలిచిప్పకు కాస్త దిగువన ఉంటే, చెక్కమీద ఒక మోకాలు ఆనించి ఒంటి బరువుతోనే అదిమిపట్టవచ్చు. భుజం, మోచేయి, రంపం ఒకే గీతలోకి వస్తాయి. అడ్డకోతకు సుమారు 45 డిగ్రీలు, నిలువుకోతకు 60 డిగ్రీల వాలు సులువుగా కుదురుతుంది. నడుమెత్తు బల్లమీద అదే కోత కోస్తే భుజం పైకి లేచి, రంపం గీత తప్పుతుంది.

నేలమీద కూర్చుని, చెక్కను కాలితో తొక్కిపట్టి తరతరాలుగా కోయలేదా అనవచ్చు. కోశారు, గొప్పగా కోశారు. ఉలిపనికి ఆ పద్ధతి ఇప్పటికీ సాటిలేనిదే. కానీ పొడుగాటి టేకు పలకను నిలువునా చీల్చేటప్పుడు రంపం మొన నేలకు తగులుతుంది, డెల్టా మట్టి అంటితే పళ్ల పదును పోతుంది. కోతమిల్లు ఉండగా ఇదంతా ఎందుకనే మాటలోనూ నిజముంది. దుంగలు చీల్చడం మిల్లు పనే. ద్వారబంధంలో ఇమడని తలుపును నూలుపోగంత కోయాల్సింది మాత్రం ఇంటి వాకిట్లోనే.

అందుకే కోతబల్లను ఒంటిచేత్తో మోసేలా, బయటికి వాలిన నాలుగు కాళ్లతో చేయాలి. మూడు కాళ్లయితే ఎగుడుదిగుడు నేలమీద ఊగదు నిజమే, కానీ మూలన మోకాలు ఆనిస్తే బోర్లాపడుతుంది. మెత్తని నేలలో దిగబడకుండా కాళ్లకింద జతకో అడ్డపట్టీ వేయాలి. బల్ల పైపలక ఒక చివర వి ఆకారపు గాటు పెడితే నిలువుకోతకు రంపం అందులో ఆడుతుంది. పైపలకకు ఇనుపమేకులు వద్దు, కర్రసీలలే కొట్టాలి. జారిన రంపం వాటిని కోసుకుంటూ పోతుంది, పళ్లు విరగవు.