నీళ్లు దిగిన ఆ కొన్ని నెలలు

శ్రీశైలం జలాశయం మట్టం 840 అడుగుల కిందికి దిగిందని పేపర్లో పడగానే నందికొట్కూరు, ఆత్మకూరు వైపు జనం సంగమేశ్వరం గుడికి దారి పడతారు. నాలుగు దశాబ్దాలుగా ఆ గుడి ఏటా మునుగుతూ, ఎండలు ముదిరేసరికి తేలుతూ ఉంది. సముద్రంలో మునిగిన ఓడను చూడాలంటే వీపుకు గాలి సిలిండరు కట్టుకొని మనం దిగాలి. ఇక్కడ నీళ్లే దిగుతాయి.

జలాశయం నిండు మట్టం 885 అడుగులు. అంటే నిండినప్పుడు గుడి నేల మీద 40 అడుగులకు పైగా నీళ్లుంటాయి. కొత్తగా స్కూబా నేర్చినవాళ్లను దిగనిచ్చే లోతు 18 మీటర్లు. ఇది అంతకు లోపే. అయినా అక్కడ ఒంటిమీద ఒత్తిడి గట్టున ఉన్నదానికి రెట్టింపు దాటుతుంది. ఊపిరి బిగబట్టి గబగబా పైకొస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పైగా వరద నీటిలో చాచిన చెయ్యి కనబడదు.

మునిగిన ఓడల్ని పరిశోధించేవాళ్లకు మొదటి పాఠం, ముందు కొలవాలి, కదపకూడదని. అడుగున తాళ్లతో గళ్లు కట్టి, గడిగడికీ అంకె వేసి, ఏ వస్తువు ఎటు తిరిగి పడి ఉందో నీళ్లలోనే పలక మీద గీస్తారు. లంగరు ఒకచోట, కుండపెంకులు మరోచోట పడిన తీరే ఓడ ఎలా మునిగిందో చెబుతుంది. కదిపితే ఆ కథ పోతుంది.

ఈ విద్యే కూడవెల్లిని కాపాడింది. కృష్ణా తుంగభద్రల కూడలిలో 7వ శతాబ్దపు చాళుక్యుల గుడి అది. ముంపు రాకముందే రాయిరాయికీ అంకె వేసి, పటం గీసి, విప్పి, ఆలంపురం తరలించి మళ్లీ కట్టారు. సున్నం లేకుండా ఒక రాయిలో ఒకటి ఇమిడేలా చెక్కిన కట్టడం కాబట్టి ఒక్క అంకె తప్పినా వరస కుదరదు. విప్పేటప్పుడు చివర లేచిన రాయి కట్టేటప్పుడు మొదట పడాలి. ఎంత ఓపిక కావాలో! కడప జిల్లా మైలవరం మ్యూజియంలో మాత్రం పెన్నా ముంపు ఊళ్ల శిల్పాలు విడిగా ఉన్నాయి. అవి దక్కాయి, సంతోషమే. కానీ గోడ లేని దేవకోష్ఠం (గుడి గోడలోని గూడు) బొమ్మను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

సంగమేశ్వరంలోది వేపకొయ్య లింగం. ధర్మరాజు ప్రతిష్ఠ అని భక్తుల నమ్మకం. గాలి తగలని ఒండ్రులో కొయ్య చాలాకాలం నిలుస్తుంది. నానడం, ఎండడం మారి మారి జరిగితేనే చేటు. 1628లో మునిగిన స్వీడన్ ఓడ వాసాను 1961లో పైకి తీశాక, చెక్క ముడుచుకుపోకుండా 17 ఏళ్లపాటు రసాయనం చిమ్మారు. మన లింగం ఏటా తడిసి ఆరుతోంది. దాని పగుళ్లను ఏటేటా కొలిచి రాసిపెట్టడం ఎంత పని?

గుడి ఒక్కటే కాదు, కొలవాల్సింది. శ్రీశైలం నీళ్ల కింద నూరు దాకా ఊళ్లు పోయాయి. నీళ్లు దిగినప్పుడు గోడల మొదళ్లు, బావుల ఒరలు బయటపడతాయి. ఇది ఎవరి వాకిలి, ఇది ఏ వీధి అని వేలుపెట్టి చూపగల పెద్దలు ఇంకా ఉన్నారు. జులైలో కృష్ణ పొంగేలోపు ఒక టేపు, ఒక నోటుపుస్తకం పట్టుకొని వాళ్ల వెంట నడవాలి.