చక్రం లోపలి రేగడి

మా చిన్నాయన ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో పెద్ద ఎస్‌యూవీ కొన్నాడు. తలుపు వేశామంటే ఆలూరు బస్టాండు గోలంతా బయటే ఆగిపోతుంది. అట్లాంటి బండి ఈ వానాకాలంలో ఆదోని రోడ్డెక్కి 80 దాటగానే వణకడం మొదలుపెట్టింది. స్టీరింగు బాగానే ఉంది, కూర్చున్న సీటు వణుకుతోంది. కింద నుంచి ఒకటే మూలుగు. ఒక షోరూములో ఇంజను మౌంట్లు మార్చాలన్నారు. ఇంకొకరు తలుపులకూ ఫ్లోరుకూ డ్యాంపింగ్ షీట్లు వేయిస్తే ఆ చప్పుడే వినపడదన్నారు.

ఈ రెండో సలహా నాకు అసలు నచ్చలేదు. ఎద్దులబండి కిర్రుమంటే మా పెద్దలు ఇరుసుకు కందెన పెట్టేవాళ్లు గానీ చెవుల్లో దూది పెట్టుకోలేదు.

ఆదోనిలో టైర్ల పని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన బండిని నిలబెట్టే రేస్ ఇచ్చి చూశాడు. వణుకు లేదు. "ఇంజన్ది కాదప్పా ఇది" అన్నాడు. తర్వాత రోడ్డు మీద నడుపుతూ మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పాడు. బేరింగు పోయుంటే బరువు అటు పడినప్పుడు మూలుగు పెరుగుతుందట. పెరగలేదు. బ్రేకు తొక్కినా తేడా లేదు. స్టీరింగు వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు చూడాలని చెప్పి, వెనక చక్రం విప్పి బోర్లించాడు. రిమ్ము లోపల ఒక పక్కన నల్లరేగడి, ఎండి రాయిలా ఉంది. వాన పడ్డ మర్నాడు చిన్నాయన పత్తిచేనికి పోయొచ్చినప్పటిది.

పిడికెడు మట్టికి ఇంత వణుకా అని ఇంటికొచ్చి లెక్క వేశాను. రిమ్ముకు ఒక పక్క 100 గ్రాముల మట్టి ఉంటే, 100 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 13 కిలోల బరువంత బలంతో చక్రాన్ని లాగుతుంది, సెకనుకు 12 సార్లు దిక్కు మారుస్తూ. 50 వేగంలో ఆ బలం నాలుగో వంతే. అందుకే ఊళ్లో తిరిగినన్నాళ్లూ తెలియలేదు. పైగా ఖరీదైన బండిలో ఇంజను హోరునూ గాలి చప్పుడునూ మందపాటి అద్దాలూ రబ్బరు బుష్షులూ మింగేస్తాయి కాబట్టి, మిగిలిన ఆ ఒక్క మూలుగే చెవికి పెద్దదై తోస్తుంది.

పెద్దాయన మట్టి గీకేసి, బ్యాలెన్సింగ్ చేసి, చిన్న తూకం బిళ్ల అంటించాడు. తిరుగుదారిలో సీటు కదల్లేదు.

చేలల్లోకి బండి దింపే మన వాళ్లకు నా మనవి ఒకటే: ఇంటికి రాగానే, రేగడి ఎండకముందే, చక్రాల లోపలి వైపు కూడా నీళ్లు కొట్టండి.