చివరి అంచెలో మెర్లీన్ ఓటీ

పరుగుపందెంలో గెలుపు కాలితో తేలదు, తలతోనూ తేలదు. మొండెం ఏ క్షణాన గీత దాటిందన్నదే లెక్క. చాచిన చెయ్యి ముందుగా దాటినా దానికి విలువ లేదు. 1993లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ మహిళల వంద మీటర్ల ఫైనల్ ఇలాగే తేలింది. అమెరికా అమ్మాయి గెయిల్ డీవర్స్, జమైకా అమ్మాయి మెర్లీన్ ఓటీ ఒక్కసారే గీత మీద పడ్డారు. ఫొటో ఫినిష్ బొమ్మ చూసి, సెకనులో వెయ్యో వంతు తేడాతో స్వర్ణం డీవర్స్‌కు ఇచ్చారు. జమైకా అభ్యంతరం చెప్పింది, ఫలితం మాత్రం మారలేదు. మూడేళ్ల తర్వాత అట్లాంటా ఒలింపిక్స్‌లో మళ్లీ ఆ ఇద్దరే. ఇద్దరి టైమూ 10.94. మళ్లీ ఫొటో, మళ్లీ డీవర్స్.

చాలామంది ఓటీ కథను ఆ బొమ్మల దగ్గరే ఆపేస్తారు. ఒలింపిక్స్‌లో మొత్తం తొమ్మిది పతకాలు: మూడు రజతాలు, ఆరు కాంస్యాలు. బంగారం ఒక్కటీ లేదు. అందుకే ఆమెను కాంస్యాల రాణి అన్నారు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో గెలిచిన పద్నాలుగు పతకాల్లో మూడు స్వర్ణాలున్నాయన్న సంగతి ఆ బిరుదు కింద మరుగునపడిపోయింది. నాకు మాత్రం ఆమె జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం పతకాలు అయిపోయాక మొదలవుతుంది.

ఓటీ 1960లో జమైకాలోని హానోవర్ అనే పల్లె ప్రాంతంలో పుట్టింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తమ దేశపు డాన్ క్వారీ పరుగును రేడియోలో విని, తనూ అలా పరుగెత్తాలనుకుంది. అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీలో చేరింది. 1980లో మాస్కోలో రెండొందల మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఇంగ్లిష్ మాట్లాడే కరీబియన్ దేశాల నుంచి ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమే.

ఆమె పరుగు వీడియోలు దొరికితే ఒక్కసారి శ్రద్ధగా చూడండి. స్టార్ట్ ఆమె బలం కాదు. తుపాకీ పేలాక మొదటి ముప్పై మీటర్లలో పక్కవాళ్లు ముందుంటారు. అరవై మీటర్ల దగ్గర్నుంచి ఆమె దూసుకొస్తున్నట్టు కనిపిస్తుంది. అసలు జరిగేది వేరు. ఆ దూరం దాటాక వేగం పెంచుకోగల మనిషి దాదాపు ఉండరు, అందరికీ తగ్గుతూనే ఉంటుంది. ఓటీకి అందరికన్నా తక్కువ తగ్గుతుంది. భుజాలు వదులుగా, దవడ వదులుగా, మోకాలు అదే ఎత్తుకు లేస్తూ ఉంటుంది. పక్క లేన్‌లో వాళ్లు పళ్లు బిగించి, మెడ నరాలు తేలేలా బలం పెట్టేకొద్దీ వెనకబడుతుంటారు. వదులుగా ఉండటం కూడా నేర్చుకోవలసిన పనే, దానికి ఏళ్లు పడుతుంది. వంద మీటర్లలో ఆమె అత్యుత్తమ టైము 10.74 వచ్చింది ముప్పై ఆరేళ్ల వయసులోనని తెలిస్తే ఎన్నేళ్లు పడుతుందో అర్థమవుతుంది.

తర్వాత చెడ్డరోజులు వచ్చాయి. 1999లో నిషేధిత ఉత్ప్రేరకం నాండ్రోలోన్ పరీక్షలో పాజిటివ్ అన్నారు. తాను ఏ తప్పూ చేయలేదని ఆమె పట్టు విడవలేదు. 2000లో ఆమె మీద పెట్టిన నిషేధాన్ని ఎత్తేశారు. ఆ ఏడాది జమైకా ట్రయల్స్‌లో వంద మీటర్లలో నాలుగో స్థానం వచ్చింది. అవకాశం ముగ్గురికే. అధికారులు మరో అమ్మాయిని తప్పించి ఓటీని సిడ్నీలో దింపారు. సొంత జట్టువాళ్లే ఒలింపిక్ విలేజ్‌లో నిరసనకు దిగారు. వాళ్ల కోపంలో న్యాయం లేదని నేను అనలేను. నలభై ఏళ్లకు ఫైనల్లో నాలుగోదిగా వచ్చింది. ఆ పందెం గెలిచిన మారియన్ జోన్స్ డోపింగ్ బయటపడ్డాక, చాలా ఏళ్లకు, ఆ నాలుగో స్థానం కాంస్యమైంది. రిలేలో రజతం మాత్రం అక్కడే మెడలో పడింది.

జమైకా అంటే వేగంగా పరుగెత్తే అమ్మాయిల దేశం. ప్రతి నాలుగేళ్లకూ కొత్తవాళ్లు బారులు తీరతారు. అక్కడ నలభై దాటినామె ట్రయల్స్‌లో మొదటి ముగ్గురిలో నిలవడం కుదరని పని. ఆమె 1998 నుంచే స్లొవేనియా రాజధాని ల్యూబ్లియానాలో, కోచ్ సర్జాన్ జోర్జెవిచ్ దగ్గర సాధన చేస్తోంది. 2002లో ఆ దేశ పౌరురాలైంది. ఇరవై లక్షల జనాభా ఉన్న చిన్న దేశం అది. ఓటీ మాస్కోలో పతకం తీసుకున్న రోజుకు స్వతంత్ర దేశంగా ఇంకా పుట్టనే లేదు. కొన్నాళ్ల ముందు తమ జెండా పట్టుకుని తిరిగిన మనిషి ఇంకో జెండా కింద నిలబడితే సొంతవాళ్లకు గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది? అయినా జమైకా ఆమెను తుడిచిపెట్టలేదు. కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియం దగ్గర ఆమె విగ్రహం ఉంది.

మన ఇళ్లల్లో పిల్లలకు అమెరికా పౌరసత్వం వస్తే చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పుకుంటాం. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పాస్‌పోర్టు మార్చుకుంటే ఎదుగుదల అంటాం. అదే పని క్రీడాకారిణి చేస్తే ద్రోహమన్న మాట వెంటనే వచ్చేస్తుంది. పతకాల కోసం, డబ్బు కోసం జెర్సీలు మార్చేవాళ్లు లేరని కాదు. కానీ నలభై రెండేళ్ల స్ప్రింటర్‌కు కొత్త దేశంలో ఏం దొరుకుతుంది? పతకం రాదని ఆమెకు తెలుసు, ఆ దేశానికీ తెలుసు. దొరికింది ఒక లేన్, ఒక బిబ్ నంబరు, రేపు పొద్దున గ్రౌండ్‌కు వెళ్లడానికి ఒక కారణం. తన పని తాను కొనసాగించుకోవడానికి చోటు వెతుక్కుంటూ వెళ్లిన మనిషిగానే నేను ఆమెను చూస్తాను. వలసకు అంతకన్నా గౌరవమైన కారణం నాకు తోచదు.

ఇది నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, కాలేజీ రోజుల్లో నేనూ వంద మీటర్లు పరుగెత్తినదాన్నే. ఇప్పుడు సాయంత్రాలు మా ఊరి జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో పిల్లలకు స్టాప్‌వాచ్ పట్టుకుంటాను. ఇంటర్ రెండో ఏడు వచ్చేసరికి ఆడపిల్లలు ఒక్కొక్కరే రావడం మానేస్తారు. ఎందుకమ్మా అంటే, "ఇంక స్పోర్ట్స్ కోటాలో సీటు రాదు కదా మేడమ్" అంటారు. సీటు రాకపోతే పరుగెందుకు అన్న ప్రశ్న వాళ్లది కాదు, ఇంట్లోవాళ్లది. ఆ ప్రశ్న మీద నాకు పీకలదాకా కోపం ఉంది. అందుకే వాళ్లకు ఓటీ గురించి చెబుతాను. బంగారం చేజారిన కథ చెప్పను. ఆ తర్వాతి సంగతులే చెబుతాను.

2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్లొవేనియా తరఫున, నలభై నాలుగేళ్ల వయసులో, వంద మీటర్ల సెమీఫైనల్ దాకా వెళ్లింది. అది ఆమెకు ఏడో ఒలింపిక్స్. 2006లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్. 1995లో జమైకా జెర్సీతో రెండొందల మీటర్ల ప్రపంచ టైటిల్ గెలిచిన స్టేడియం అదే. నలభై ఆరేళ్లకు అక్కడే మళ్లీ బ్లాకుల్లో కూర్చుంది, వంద మీటర్ల సెమీస్‌కు చేరింది. మరుసటి ఏడాది ఒసాకా ప్రపంచ పోటీల్లో హీట్స్‌లోనే వెనుదిరిగింది. బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హత టైము అందుకోలేకపోయింది. మానుకోవడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. ఆమె మానలేదు. 2010లో యాభై ఏళ్లకు బార్సిలోనా యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో స్లొవేనియా రిలే జట్టులో కనిపించింది.

రిలే పరుగెత్తి చూస్తేగానీ అందులో కష్టం తెలియదు. బ్యాటన్ అందుకునే మనిషి వెనక్కి చూడకూడదు. ట్రాక్ మీద టేపుతో అంటించుకున్న గుర్తును వెనక నుంచి వచ్చే అమ్మాయి దాటిన మరుక్షణం కదలాలి, కేక వినగానే అరచెయ్యి వెనక్కి చాచాలి, ఆ చెయ్యి ఊగకూడదు. మా గ్రౌండ్‌లో పిల్లలకు మొదట మానిపించాల్సింది తల తిప్పి చూసే అలవాటే. చూశారంటే భుజం తిరుగుతుంది, అడుగు తడబడుతుంది. వెనకున్న మనిషిని పూర్తిగా నమ్మితేగానీ ఆ వేగంలో చెయ్యి నిలకడగా ఉండదు. కూతుళ్లంత వయసున్న ఆటగత్తెలతో, పరాయి భాష మాట్లాడే జట్టులో ఓటీ ఆ నమ్మకాన్ని మళ్లీ మొదటి నుంచి కట్టుకుని ఉంటుంది.

2012లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో యూరోపియన్ చాంపియన్‌షిప్ జరిగింది. 1983లో మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిందీ, ఆమె జమైకాకు రెండొందల మీటర్లలో రజతం, రిలేలో కాంస్యం తెచ్చిందీ ఆ స్టేడియంలోనే. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, యాభై రెండేళ్ల వయసులో, అదే ట్రాక్ మీద స్లొవేనియా రిలేలో చివరి అంచెకు నిలబడింది. జట్టు ఫైనల్‌కు చేరలేదు. ఆ టైమును అడిగినవాళ్లు నాకు ఇంతవరకు కనిపించలేదు. మా పిల్లలు మాత్రం ఒక్కటే అడుగుతారు, "యాభై రెండేళ్లకు రోజూ ఎంత ప్రాక్టీస్ చేసేది మేడమ్?" అని.